ఆరు నెలలు కదలని బండికి ఏ ఛార్జర్ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆరు నెలలు మీరు ఇంట్లో ఉండరు, బండి, అంటే మీ బైకు, షెడ్డులోనే ఉంటుంది, షెడ్డులో ప్లగ్ పాయింట్ ఉంది. ఇలా వెళ్లొచ్చిన గత రెండుసార్లూ సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మంటూ రిలే కొట్టుకోవడమే తప్ప ఇంజను తిరగలేదు, రెండుసార్లూ కొత్త బ్యాటరీ వేయించారు. ఇప్పుడున్నది 12 వోల్టుల 9 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఈసారి ఛార్జర్ పెట్టి వెళ్దామనుకుంటే ఒక స్నేహితుడు తన కారు బ్యాటరీ ఛార్జర్ ఇస్తానన్నాడు, ఇంకొకరు చవకలో వచ్చే ట్రికిల్ ఛార్జర్ చాలన్నారు, మరొకరు స్మార్ట్ ఛార్జరే కొనమన్నారు. మీ నాన్నగారేమో ఇవన్నీ ఎందుకు, వారానికోసారి నేనే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతాలే అంటున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఒక ఆంపియర్ అటూ ఇటుగా ఇచ్చే, బ్యాటరీ నిండాక తనంతట తానే వోల్టేజీ దించుకునే మెయింటెనెన్స్ ఛార్జర్ కొనండి. కారు ఛార్జర్ వద్దు. పాతకాలపు ట్రికిల్ ఛార్జర్ అసలే వద్దు. నాన్నగారికి వేరే పని అప్పజెబుదాం, అదేంటో తర్వాత చెబుతాను.

అసలు నిలబెట్టిన బండిలో బ్యాటరీ ఎందుకు పడిపోతుందో చూద్దాం. ఛార్జ్ రెండు దారుల్లో కారిపోతుంది. ఒకటి బ్యాటరీ లోపలే జరిగేది. ఏమీ తగిలించకుండా అల్మరాలో పెట్టినా లెడ్ యాసిడ్ బ్యాటరీ తనలో తాను కొంచెం కొంచెం ఖాళీ అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న సీల్డ్ బ్యాటరీకి మామూలు వాతావరణంలో ఇది నెలకు రెండు మూడు శాతం. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇది దాదాపు రెట్టింపవుతుంది. మీ 9 ఏహెచ్ బ్యాటరీకి లెక్కేస్తే నెలకు పావు ఏహెచ్. ఇది ఒక్కటే అయితే ఆరు నెలలకు బ్యాటరీ చావదు, కాస్త నీరసిస్తుందంతే.

రెండోది బండి తాగేది. తాళం తీసేసినా మీటర్లో గడియారం, ఈసీయూ (ఇంజనును నడిపించే చిన్న కంప్యూటర్) జ్ఞాపకం, అలారం ఉంటే అలారం, మధ్యలో ఎవరైనా బిగించిన జీపీఎస్ ట్రాకర్, ఇవన్నీ రాత్రింబవళ్లు చుక్క చుక్కగా తాగుతూనే ఉంటాయి. మూడు మిల్లీయాంపియర్లే అనుకోండి, వినడానికి ఏమీ లేనట్టుంటుంది. రోజుకు 24 గంటలు, నెలకు 30 రోజులు వేసి గుణిస్తే నెలకు 2.16 ఏహెచ్. అంటే బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకునేదానికి ఎనిమిదింతలు. నాలుగు నెలలకు మీ బ్యాటరీ అడుగంటుతుంది. ట్రాకర్ ఉన్న బండ్లలో పది మిల్లీయాంపియర్లు కూడా నేను చూశాను. అప్పుడు నలభై రోజులు కూడా ఆగదు.

ఇది కొలవడం కష్టమేం కాదు. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మల్టీమీటర్‌ని కరెంటు కొలిచే స్థానంలో పెట్టండి. మొదట 10 ఆంపియర్ల సాకెట్‌లో మొదలుపెట్టి, తక్కువే ఉందని తేలాకే మిల్లీయాంపియర్లకు మారండి. తగిలించగానే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఈసీయూ నిద్రపోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆగి చూడండి. మీటర్ అలా ఉన్నప్పుడు పొరపాటున కూడా తాళం తిప్పకండి, సెల్ఫ్ నొక్కకండి. మీటర్లో ఫ్యూజు ఠప్పున పోతుంది. నాది రెండుసార్లు పోయింది కాబట్టి చెబుతున్నాను.

ఖాళీ అయితే అయింది, వచ్చాక మళ్లీ ఛార్జ్ చేసుకుంటాం కదా అని చాలామంది అనుకుంటారు. అక్కడే బ్యాటరీలు చస్తాయి. ఛార్జ్ దిగిపోయినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. ఇది మామూలే, బ్యాటరీ పనిచేసేదే అలా. వెంటనే ఛార్జ్ చేస్తే ఆ పొర తిరిగి కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే మెత్తగా ఉన్న పొర గట్టి స్ఫటికాలుగా మారుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా కరగదు. అంతమేర ప్లేటు పనికిరాకుండా పోయినట్టే. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని కొన్ని గంటలు ఏమీ చేయకుండా ఉంచి కొలిస్తే, నిండుగా ఉన్నది 12.7, 12.8 చూపిస్తుంది. 12.4 దగ్గర ముప్పాతిక, 12.2 దగ్గర సగం, 12.0 దగ్గర పావు. నా లెక్కలో 12.4 గీత. దానికి దిగువన బ్యాటరీని వారాలపాటు కూర్చోబెట్టకూడదు. మంచు పడే చోట ఉన్నవాళ్లకు ఇంకో బెడద కూడా ఉంది. ఖాళీ బ్యాటరీలో యాసిడ్ పలచబడి దాదాపు నీళ్లలాగే ఉంటుంది కాబట్టి, సున్నాకు కొన్ని డిగ్రీల దిగువనే గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు.

ఇక ఛార్జర్ సంగతి. కొనేటప్పుడు అందరూ అడిగేది ఎన్ని గంటల్లో నింపుతుంది అని. మీకు ఆరు నెలల టైముంది, ఆ ప్రశ్న మీకు అక్కర్లేదు. నిండిన తర్వాత మిగతా నూట డెబ్బై తొమ్మిది రోజులు అది ఏం చేస్తుంది అన్నదే మీకు కావాలి. మంచి మెయింటెనెన్స్ ఛార్జర్ మొదట తనకు చేతనైనంత కరెంటు ఇచ్చి నింపుతుంది, వోల్టేజీ 14.4 నుంచి 14.7 మధ్యకు చేరాక అక్కడ ఆపి బ్యాటరీని తనకు కావలసినంతే తీసుకోనిస్తుంది. కరెంటు బాగా తగ్గిపోయాక 13.2 నుంచి 13.6 వోల్టుల మధ్యకు దిగిపోతుంది. దీన్నే ఫ్లోట్ అంటారు. ఆ వోల్టేజీ దగ్గర కారిపోయినంత మాత్రమే భర్తీ అవుతుంది, లోపల యాసిడ్ ఉడకదు. కొన్ని మోడళ్లు ఫ్లోట్‌లో ఉండకుండా పూర్తిగా ఆగిపోయి, బ్యాటరీ కాస్త దిగాక మళ్లీ లేచి నింపుతాయి. ఈ రెండు పద్ధతులూ మంచివే.

పాతకాలపు ట్రికిల్ ఛార్జర్‌లో ఈ తెలివి ఉండదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్, రెండు మూడు డయోడ్లు. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు, కొంచెం కరెంటే కదా అంటూ తోస్తూనే ఉంటుంది. వోల్టేజీ 15 దాటి పోతుంది. 14.4 పైన రోజుల తరబడి ఉంటే లోపల నీళ్లు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటాయి. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ పోసుకోవచ్చు. సీల్డ్ బ్యాటరీలో పోయిన నీళ్లు పోయినట్టే. నేను మొదటిసారి ఒక బండిని మూడు నెలలు వదిలి వెళ్లినప్పుడు అలాంటిదే పెట్టాను, పైగా ఎంత ముందుచూపో అని మురిసిపోయాను. వచ్చి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి, పెట్టెలోంచి బయటికి రానంది. స్క్రూ డ్రైవర్‌తో సగం ముక్కలు చేసి తీశాను. ఏ ఛార్జరూ పెట్టకపోయినా బ్యాటరీ ఒక్కటే పోయేది, పెట్టినందుకు బ్యాటరీ పెట్టె కూడా పగిలింది.

ఇప్పుడు అసలు కిటుకు. డబ్బా మీద స్మార్ట్, ఆటోమేటిక్ అని రాసుంటే నమ్మకండి, ఇంట్లో మీరే పరీక్ష పెట్టండి. వెళ్లడానికి కనీసం వారం ముందు ఛార్జర్ తెచ్చి బ్యాటరీకి తగిలించండి. మూడో రోజు, ఛార్జర్ పనిలో ఉండగానే, బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టండి. 13.2కీ 13.7కీ మధ్య నిలకడగా ఉంటే అది నిజంగా ఫ్లోట్‌కు దిగింది, నిశ్చింతగా వెళ్లొచ్చు. 12.8, 12.9 చూపించి ఛార్జర్ నిద్రపోతున్నట్టుంటే అది ఆగి లేచే రకం. ఇంకొన్ని గంటలు చూసి మళ్లీ లేస్తోందో లేదో గమనించండి. మూడో రోజుకూ 14 పైనే కూర్చుని ఉందా, పచ్చ లైటు ఎంత అందంగా వెలుగుతున్నా సరే, దాన్ని వెనక్కిచ్చేయండి. ఈ ఒక్క పరీక్ష చేస్తే ఏ కంపెనీది కొనాలి అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఆంపియర్ల లెక్కకు పాత సూత్రం ఒకటుంది, ఏహెచ్‌లో పదో వంతు. మీ బ్యాటరీకి 0.9. ముప్పావు ఆంపియర్ నుంచి ఒకటిన్నర వరకు ఏదైనా సరే. మీ స్నేహితుడి కారు ఛార్జర్ ఆరు ఆంపియర్లో పదో ఇస్తుంది. అంత చిన్న బ్యాటరీలోకి అంత కరెంటు తోస్తే ప్లేట్లు వేడెక్కిపోతాయి. అందులో బైకు కోసం తక్కువ కరెంటు మోడ్ ఉంటే, పైన చెప్పిన మూడో రోజు పరీక్షలో నెగ్గితే, అప్పుడు వాడుకోవచ్చు. లేదంటే కృతజ్ఞతలు చెప్పి తిరిగిచ్చేయండి.

చాలామంది పట్టించుకోని విషయం కరెంటు పోయి రావడం. ఆరు నెలల్లో షెడ్డుకు కరెంటు ఒక్కసారి కూడా పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొన్ని ఛార్జర్లు కరెంటు తిరిగి రాగానే పాత మోడ్‌లోకి వెళ్లి పని మొదలుపెడతాయి. బటన్ నొక్కి మోడ్ ఎంచుకునే రకాల్లో కొన్ని మాత్రం తిరిగి స్టాండ్‌బైలో కూర్చుని మళ్లీ ఎవరో వచ్చి బటన్ నొక్కే దాకా ఎదురుచూస్తాయి. ఇంకా ఘోరం, పని చేయకపోగా బ్యాటరీ నుంచే కొన్ని మిల్లీయాంపియర్లు లాక్కుని తమ లైట్లు వెలిగించుకునేవి ఉన్నాయి. కాపలాకు పెట్టినవాడే కన్నం వేసినట్టు. కొన్నాక గోడ స్విచ్ ఆపి, అయిదు నిమిషాలాగి మళ్లీ వేసి చూడండి. దానంతటదే మొదలైతే ఉంచుకోండి. మొదలుకాకపోతే మీలా దూరంగా ఉండేవాళ్లకు అది పనికిరాదు.

షెడ్డు రేకులదైతే వేడి గురించి కూడా ఆలోచించాలి. ఛార్జర్ల అంకెలన్నీ 25 డిగ్రీల దగ్గర చెప్పినవి. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీకి కావలసిన వోల్టేజీ తగ్గుతుంది. 12 వోల్టుల బ్యాటరీకి ఒక్కో డిగ్రీకి సుమారు 18 మిల్లీవోల్టులు. 40 డిగ్రీల షెడ్డులో అది పావు వోల్టు పైమాటే. అంటే 25 డిగ్రీల దగ్గర సరిపోయే 13.6 అక్కడ కాస్త ఎక్కువవుతుంది, బ్యాటరీ నెమ్మదిగా ఎండుతుంది. టెంపరేచర్ చూసి తగ్గించుకునే ఛార్జర్ దొరికితే మంచిది. దొరకకపోతే ఫ్లోట్ 13.3 దగ్గర ఉండేదో, ఆగి లేచే రకమో ఎంచుకోండి.

మీది సీల్డ్ అన్నారు గాని, ఏ సీల్డ్ అన్నది ఒకసారి డబ్బా మీద చదవండి. సీల్డ్ అయితే చాలు జెల్ (యాసిడ్ ముద్దలా ఉండే రకం) అనేయడం అందరికీ అలవాటైపోయింది. బైకుల్లో వచ్చే సీల్డ్ బ్యాటరీల్లో ఎక్కువ భాగం ఏజీఎం, అంటే యాసిడ్ గాజు పీచు చాపలో ఇంకి ఉండేవి. నిజమైన జెల్ అయితే 14.4 దాటకూడదు, ఏజీఎం 14.7 వరకు తట్టుకుంటుంది. ఛార్జర్‌లో మంచు బొమ్మ ఉన్న మోడ్ సాధారణంగా 14.7 ఇస్తుంది, అది చలి కోసమూ ఏజీఎం కోసమూ. అందుకని పేరు చూసుకోకుండా బటన్లు నొక్కొద్దు.

లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్లకు ఒక మాట. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వేరే జాతి. తనలో తాను ఖాళీ అయ్యేది చాలా తక్కువ, కాబట్టి నెగటివ్ వైరు విప్పేసి పెడితే నెలల తరబడి ఛార్జరే అక్కర్లేదు. ఛార్జ్ చేస్తే లిథియం మోడ్ ఉన్నదానితోనే చేయాలి. 14.6 మించకూడదు, సల్ఫేషన్ (పైన చెప్పిన గట్టి సల్ఫేట్ పొర) పోగొట్టే పల్స్ మోడ్ దరిదాపులకు రానివ్వకూడదు, సున్నా డిగ్రీల లోపు చలిలో ఛార్జ్ పెట్టకూడదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.8 చూసి నిండుగా ఉందనుకోకండి. లిథియంలో అది చాలా దిగిపోయిన లెక్క, నిండుది 13.3 దగ్గరుంటుంది.

పల్స్ మోడ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. డీసల్ఫేషన్, రీకండిషన్ అని పెద్దక్షరాల్లో అమ్మే ఆ బటన్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. కొన్ని వారాలు మాత్రమే నీరసించిన బ్యాటరీ కాస్త కోలుకుంటే కోలుకోవచ్చు. నెలల తరబడి అడుగంటి పడున్నది మాత్రం, ఒకరోజు సెల్ఫ్ తిప్పి మళ్లీ పడుకుంటుంది. ఆ మోడ్‌లో వోల్టేజీ 15.8 దాకా వెళ్లేవి ఉన్నాయి. బ్యాటరీని బండి నుంచి విప్పకుండా అది నొక్కితే ఈసీయూకి, మీటర్‌కి ప్రమాదం. దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఛార్జర్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటి మర్చిపోయేవాణ్ణి. రెండు బ్యాటరీలు వరసగా పోయాయన్నారు. రెండూ నిలబెట్టడం వల్లే పోయాయని ఎందుకనుకుంటున్నారు? బండి స్టార్ట్ చేసి, నాలుగైదు వేల ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద వోల్టేజీ చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటడం లేదంటే బండి ఎప్పుడూ బ్యాటరీని నింపట్లేదు. 15 దాటుతోందంటే బండిలో ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీని ఉడకబెడుతోంది. ఈ రెండిట్లో ఏది ఉన్నా ఛార్జర్ మీద పెట్టే ఖర్చు బూడిదలో పోసినట్టే. అలాగే ఇప్పుడున్న బ్యాటరీని పూర్తిగా నింపి, విప్పి, ఒక రాత్రి వదిలేసి పొద్దున కొలవండి. 12.7, 12.8 ఉంటే ఆరోగ్యంగా ఉంది. పూర్తి ఛార్జ్ తర్వాత కూడా 12.4కి జారిపోతే దానికి ముందే జబ్బుంది.

తగిలించే పద్ధతి గురించి. క్లిప్పులు ఆరు నెలలు వదలొద్దు. జారితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. చాలా ఛార్జర్లతో పాటు రింగులున్న వైరు ఒకటి వస్తుంది. దాన్ని టెర్మినల్ బోల్టుల కింద శాశ్వతంగా బిగించేసి, అటు చివరి రెండు పిన్నుల కనెక్టర్‌ని సీటు పక్కకు తెచ్చి కట్టేయండి. ఆ వైరులో, బ్యాటరీకి దగ్గర్లో, ఫ్యూజు ఉండి తీరాలి. లేకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని తెగిన రోజు మంటలే. కనెక్టర్‌లో బ్యాటరీ వైపు ముక్కకు పాజిటివ్ పిన్ను ప్లాస్టిక్ లోపల దాగి ఉండాలి, బయటికి కనిపించేది నెగటివ్ అయి ఉండాలి. తిరగబడి ఉంటే బండి ఫ్రేముకు తగిలి మెరుపులొస్తాయి. బండికి ఉన్న మొబైల్ ఛార్జింగ్ సాకెట్ నుంచి బ్యాటరీని నింపుదామనుకోకండి. చాలా బండ్లలో తాళంచెవి తీసేయగానే ఆ సాకెట్ ఆగిపోతుంది.

షెడ్డులో కాస్త గాలి ఆడాలి. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గాలిలో నాలుగు శాతానికి చేరితే అంటుకునే గుణం వస్తుంది. ఫ్లోట్‌లో ఉన్న చిన్న సీల్డ్ బ్యాటరీ నుంచి అంత రాదు గాని, ఛార్జర్‌ని సీటు కింద కుక్కి పైన కవరు కప్పేయడం మాత్రం వద్దు. ఛార్జర్‌కే ఊపిరాడదు.

రేపు ప్లగ్ పాయింట్ లేని చోట పెట్టాల్సి వస్తే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. బండి తాగడం ఆగిపోతుంది కాబట్టి రెండు నెలలకోసారి ఎవరైనా ఒక రాత్రి ఛార్జ్ పెడితే చాలు. నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అది పాతకాలం రబ్బరు పెట్టెల నాటి మాట, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు నేలైనా చెక్కైనా ఒకటే.

ఇక నాన్నగారి విషయం. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచడం మంచి మనసుతో చేసే చెడ్డ పని. సెల్ఫ్ ఒక్కసారి తిరగడానికి బ్యాటరీ నుంచి పదుల ఆంపియర్లు పోతాయి, ఐడిల్‌లో చాలా బండ్లు అది భర్తీ చేసేంత కరెంటు తయారుచేయవు. ఇంజను పూర్తిగా వేడెక్కదు కాబట్టి సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ నీటి తేమ మిగిలిపోతుంది, తుప్పు మొదలవుతుంది. ఆయనకు ఇది నేరుగా చెబితే నొచ్చుకుంటారేమో. బదులుగా ఇలా అడగండి: వారానికోసారి షెడ్డుకు వెళ్లి ఛార్జర్ లైటు ఏ రంగులో ఉందో చూసి, బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూడమనండి. గది వేడిలోనే ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాకపోయినా స్పష్టంగా వెచ్చగా తగిలినా, పక్కలు ఉబ్బినట్టు కనిపించినా, కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా గోడ దగ్గర ప్లగ్ తీసేసి మీకు ఫోన్ చేయమనండి. ఎలుకలు వైరు కొరికాయేమో కూడా ఆయనే చూడగలరు, ఏ స్మార్ట్ ఛార్జరూ అది చెప్పదు.

తాళం తీసేశాక బండి తాగేది కొలిచి ఎన్ని మిల్లీయాంపియర్లు వచ్చిందో, బండికి ట్రాకర్ ఉందో లేదో ఇక్కడ రాయండి. అయిదు దాటి వస్తే ఛార్జర్ కంటే ముందు ఆ తాగేది ఏదో పట్టుకుని, దాని ఫ్యూజు ఒక్కటీ తీసి వెళ్లొచ్చేమో చూద్దాం.